బల్ల మీద నీటి చుక్కలు

మా ఆడపడుచు గొంతు పెంచకుండా గెలిచిన తగువు ఒకటి నా కళ్ళతో చూశాను. రంగుల ఫ్యాక్టరీ మేనేజరు పక్కనున్న బావి నీళ్ళను తనే సీసాలో పట్టి మా లేబరేటరీకి తెచ్చాడు. నీళ్ళు మంచివని కాగితం కావాలట. ఆమె సీసాను తలకిందులు చేసింది. శనగగింజంత బుడగ పైకి లేచింది.

"నీళ్ళలో ఆవిరయ్యే మందేదైనా ఉంటే ఈ బుడగలోకి ఎక్కేసుంటుంది. మూత తీస్తే పోతుంది. అంచుదాకా నింపి, ఐసులో పెట్టి తెమ్మన్నాం. నేను తీసుకోను" అంది.

పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. "మాట్లాడండి. వాళ్ళకీ బుడగ చూపిస్తాను" అంది. సీసా చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

అక్కడ గాజుసామాను కడిగే పని నాకు ఇప్పించింది ఆమే. అంతమాత్రాన ఆమెను నమ్మానని కాదు. కాపురానికి వచ్చిన రోజు నుంచీ నమ్మలేదు. నేను ఇంటికి తాళం వేస్తే ఆమె లాగి చూసేది. ఆమె లాగాక నేను ఇంకోసారి లాగేదాన్ని. మీ ఇద్దరి మధ్యా తాళంకప్ప అరిగి చస్తుందనేవాడు మా ఆయన. ఇక తనకొచ్చిన పెళ్ళి సంబంధాలా? ఒక్కొక్కదాన్నీ ఆ సీసాలాగే తలకిందులు చేసి చూసింది. ప్రతిదాంట్లోనూ బుడగే.

లేబరేటరీలో ఆమెను మంచుగడ్డ అంటారు. పనీ చలిదే, మొహమూ చలిదే. నీళ్ళలోకి గ్యాసు ఊది, అందులోని మందులను ఆవిరిగా లేపుతుంది. ఆ ఆవిరి వంపు తిరిగిన సన్నటి గొట్టంలోంచి పోవాలి. గొట్టం కింద, పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ నింపిన ఫ్లాస్కు ఎత్తి పెడుతుంది. ఆ చలికి మందులన్నీ గొట్టంలోనే గడ్డకట్టి కూర్చుంటాయి. తర్వాత ఫ్లాస్కు దింపి గొట్టాన్ని గబుక్కున వేడి చేస్తే, అన్నీ మిషన్లోకి పరుగెత్తి ఒక్కొక్కటిగా బయటపడతాయి. దొంగలందరినీ ఒక గదిలో పట్టి, తర్వాత ఒక్కొక్కణ్ణీ పేరడిగినట్టు. చలి మధ్యలో తగ్గిందా, దొంగలు ముందే జారుకుంటారు.

ఈమధ్య అదే బావి నీళ్ళు, మావాళ్ళే ఐసులో తెచ్చినవి, వరసగా ఏ మందూ లేనట్టు తేలుతున్నాయి. సీసాలు కడిగేటప్పుడు నా ముక్కుకు కంపు కొడుతూనే ఉంది. మంచుగడ్డను ఫ్యాక్టరీవాళ్ళు డబ్బుతో కరిగించారని గుసగుసలు మొదలయ్యాయి. మళ్ళీ ఇలాగే వస్తే పని మానిపిస్తానన్నాడు మా లేబరేటరీ పెద్దాయన. ఆమె పని సంగతి అలా ఉంచితే, ఆ నీళ్ళు తాగే ఇళ్ళున్నాయి. నాకూ అనుమానం వచ్చి ఆమె చేతిసంచీ వెతికాను. దువ్వెన, మందుబిళ్ళలు తప్ప ఏమీ లేవు.

నిన్న నేను సామాను కడుగుతుంటే పక్కకు వచ్చి నిలబడింది. తను భోజనం చేసి వచ్చేసరికి గొట్టం కింద బల్ల మీద నీటి చుక్కలు ఉంటున్నాయట. అంటే ఎవరో ఫ్లాస్కు దింపి, గొట్టం మీది మంచు కరిగాక మళ్ళీ ఎత్తుతున్నారట.

ఎవరిమీద అనుమానమని అడిగాను.

"అందరిమీదా. నామీద కూడా. పొయ్యి ఆపానో లేదో కూడా గుర్తుండట్లేదు వదినా ఈమధ్య. నేనే దింపి మర్చిపోతున్నానేమో."

కడుగుతున్న సీసా పక్కన పెట్టాను.

"రేపు సీసాలు ఆ గదిలోనే తుడుచుకో. ఫ్లాస్కు మీంచి కళ్ళు తీయకు. ఎవరు దింపినా వెళ్ళి పెద్దాయనకు చెప్పు. నేనే దింపినా చెప్పు, నేను కాదని ఒట్టేసినా చెప్పు. ఇంకెవరినైనా పెడితే మొహమాటానికి నన్ను వెనకేసుకొస్తారు. నువ్వయితే నన్ను ఏనాడూ నమ్మలేదు."