ఊపిరి పట్టని కవచం

మా తెనాలిలో నలుగురం కలిసి సరదాకి పాతకాలపు సైనికుల కవచాలు, కత్తులు తయారుచేసి, ఊళ్లలో యుద్ధ ఘట్టాలు ఆడుతుంటాం. రేకు కొలతలు, లెక్కలు నావి. నిరుడు రేపల్లె ప్రదర్శనలో సేనాపతి వేషం సుబ్బారావు బాబాయికి ఇచ్చాం. ఒకప్పుడు నాటకాల్లో ఆయన పద్యం ఎత్తుకుంటే రాగం తెగేది కాదు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వేదికెక్కుతున్నారు.

నేను టేపు చుట్టగానే బాబాయి పొట్ట లోపలికి లాగారు.

"మామూలుగా ఊపిరి పీల్చండి బాబాయ్."

"నా ఒళ్లే ఇంతరా! నువ్వు అంకె రాసుకో."

పెద్దాయన చిన్నబుచ్చుకుంటారని ఆ అంకెకే రేకు కత్తిరించాను. కవచం ప్రదర్శన రోజుకి గానీ పూర్తి కాలేదు.

వేదిక మీద బాబాయి కత్తి ఎత్తి పద్యం అందుకున్నారు. రాగం తీయబోతే ఊపిరి నింపుకోవడానికి లోపల చోటు లేదు. గొంతు కీచుమని ఆగిపోయింది.

"సేనాపతిగారికి గ్యాసండీ!" అని ఎవరో అరిస్తే జనమంతా నవ్వారు. పట్టీలు వీపువైపున్నాయి. నేను పరుగెత్తి విప్పేదాకా ఆయన ఆ నవ్వుల మధ్యే నిలబడ్డారు.

ఆ తర్వాత మా రిహార్సల్స్‌కి రాలేదు. కవచాన్ని మూడంగుళాలు పెంచి బాబాయి ఇంటికి పట్టుకెళ్లాను.

"ఇంకెవరికైనా సరిపోతుందేమో చూడరా" అన్నారు.

ఎవరికీ సరిపోదు. అది ఊపిరి పీల్చుకున్న బాబాయి కొలత.