తీసేసిన మెట్టు

మా బావను చుట్టుపక్కల వాళ్ళు చలవ డాక్టరు అంటారు. అలా పిలిస్తే ఆయన మురిసిపోతాడు. నాకు మాత్రం ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది.

ఆయనది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. అందులోనే ఓ మూల నా జిరాక్స్ మిషన్. "ఆట మాంచి ఊపులో ఉండగా ఆగి ఆగి నడుస్తోంది అంకుల్" అంటూ పిల్లలు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని వస్తారు. బావ గాలి బయటికొచ్చే కంతల దగ్గర చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు కళ్ళు మూసుకుంటాడు.

"ప్రాసెసర్‌కి కంపెనీవాడు ఎందుకైనా మంచిదని వోల్టేజీ కాస్త ఎక్కువే ఇస్తాడు నాయనా. దాంతో వేడెక్కుతుంది. వేడెక్కితే తనే భయపడి నెమ్మదిస్తుంది. నీ ఆట కుదుపంతా అక్కడే."

ఆపైన వోల్టేజీని మెట్టు మెట్టుగా దించుతూ, మెట్టు మెట్టుకీ బరువైన ఆట ఒకటి నడిపి చూస్తాడు. ఎక్కడో ఓ చోట మిషన్ బిగుసుకుపోతుంది. అక్కణ్ణుంచి ఆట నడిచే మెట్టుకి ఎక్కి, భద్రత కోసం ఇంకో మెట్టు కూడా ఎక్కి వదిలేస్తాడు. ఫ్యాన్ హోరు తగ్గుతుంది, ఆట మెత్తగా సాగుతుంది. పని మంచిదే, కాదనను.

ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, ఆ ఆటల్లో దిట్ట. పేరున్న జట్టు ఒకటి ఎంపిక పోటీ పెట్టింది. ఇంటి నుంచే ఆడాలి, ఖాళీ ఒక్కటే. పిల్ల తిండీ నిద్రా మానేసి సాధన చేసింది. బావ దాని కంప్యూటర్‌కి కూడా చలవ చేశాడు. పిల్ల ఆడి చూసుకుని, "బ్రహ్మాండంగా ఉంది నాన్నా. ఇంక దీని జోలికి రాకు" అంది.

విన్నాడా? పోటీ రోజు పిల్ల స్నానానికి వెళ్ళగానే కూర్చుని, భద్రత కోసం ఉంచిన ఆ మెట్టు కూడా తీసేశాడు. ఎందుకయ్యా అంటే, ఫ్యాన్ ఇంకా కొంచెం వినబడుతోందట! ఆట నడిపి చూశాడు, ఆగలేదు. పిల్లకి చెప్పనైనా లేదు. పరాయివాళ్ళ మిషన్ల మీద చూపించే జాగ్రత్త కన్నకూతురి దగ్గర లేకపోయింది.

పోటీ మొదలయ్యే వేళకి మేమంతా గది గుమ్మంలో నిలబడ్డాం. పిల్ల పోటీలోకి లాగిన్ అయింది. మిగతావాళ్ళు వచ్చేదాకా ఆగమని తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. ప్రాసెసర్‌కి ఆ క్షణాన పనేం లేదు. పని లేనప్పుడు అది తనంతట తానే వోల్టేజీ ఇంకా దించుకుంటుంది, ముందే మరీ తగ్గించి ఉంటే అది చాలక బిగుసుకుపోతుంది. బావ ఎప్పుడూ ఆట నడిపి చూశాడే గానీ ఊరికే ఉంచి చూసిన పాపాన పోలేదు. కొట్లో ఇన్నాళ్ళూ ఆయన పరువు కాపాడింది ఆ చివరి మెట్టే.

చుక్కలు ఆగిపోయాయి. మౌస్ కదల్లేదు. మళ్ళీ ఆన్ చేసేసరికి పోటీ మొదలైపోయింది, పిల్ల బదులు వేరొకరిని తీసుకున్నారు.

"ఏం చేశావ్ నాన్నా?"

బావ "ఆటలో ఉంటే ఆగేది కాదమ్మా" అన్నాడు.

పిల్ల ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. ఆ మాటకి బదులు, తప్పయిపోయిందమ్మా అంటే ఆయన సొమ్మేం పోయేది?

పిల్ల అన్నీ మళ్ళీ కంపెనీ ఇచ్చినట్టే పెట్టేసుకుంది. ఇప్పుడు ఆ ఫ్యాన్ హోరు వంటింట్లోకి కూడా వినబడుతుంది. ఆట ఆగి ఆగి నడుస్తుంది, గెలవాల్సిన చోట పిల్ల ఓడిపోతుంది. కొట్లో మాత్రం చలవ డాక్టరు గారికి గిరాకీ ఏం తగ్గలేదు.

మొన్న ఆయన తలుపు దగ్గర నిలబడి, కంతల వైపు చెయ్యి చాచి, "బాగా వేడెక్కుతోందమ్మా. ఒక్కసారి చూడనా?" అన్నాడు.

పిల్ల తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఎక్కనీ నాన్నా. నువ్వు ముట్టుకోకపోతే అదే చాలు."