ముల్లంగి బతుకమ్మ

నా చిన్నప్పుడు మా క్వార్టర్లలో ఎవరికైనా చక్కెర జబ్బు వచ్చిందంటే ఆ సంగతి రోగి కంటే ముందు ఇరుగుపొరుగుకే తెలిసేది. యూనివర్సిటీ ఆవరణలో ఒక మూలగా, తార్నాక వైపు వెళ్లే దారిలో ఉండేవి మా ఇళ్లు. గోడకు గోడ ఆనుకుని ఉండేవేమో, ఒక ఇంట్లో పోపు పెడితే మూడో ఇంట్లో తుమ్మేవాళ్లు. అలాంటి చోట రహస్యం దాగుతుందా? మా తాతను డాక్టరు తీపి మానేయమన్నాడన్న మాట పొద్దుగూకేలోపు అందరికీ చేరిపోయింది.

మా తాత పల్లెటూరి రైతు. నాయనమ్మ పోయాక ఒంటరిగా ఉండలేడని మా నాన్న ఆయన్ని తెచ్చి మా దగ్గర పెట్టుకున్నాడు. నోట్లో బెల్లం ముక్క వేసుకుని చాయ్ తాగడం ఆయనకు అలవాటు. డాక్టరు చెప్పిన మర్నాడే ఆ బెల్లం డబ్బా తానే మా అమ్మ చేతికిచ్చి, పైన పెట్టేయమన్నాడు. దానికి ఆయన పెద్దగా బాధపడినట్టు నాకు గుర్తు లేదు. బాధంతా దసరా నాడు మొదలైంది.

ఆ సాయంత్రం క్వార్టర్ల వాళ్లమంతా మైదానంలో చేరి ఎవరి ఇంటి వంట వాళ్లు తెచ్చి పంచుకుంటున్నాం. ఎదురింటి పెద్దమ్మ, మంచి మనిషే, ఒట్టి పేలాలు పోసిన పళ్లెం ఒకటి తాత ముందు పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. "పెద్దాయనకు చక్కెర బీమారి గద, పాపం. ఈ పళ్లెం ఆయనదే, ఎవ్వరు కలుపకుండ్రి" అని నలుగురికీ వినబడేలా చెప్పింది. అందరూ ఒక్కసారి తాత వైపు చూశారు. ఆయన ఆ పళ్లెం అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాడు.

ఆ తర్వాత ఏ పిలుపుకూ కదల్లేదు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లను పలకరించే మనిషి, అరుగు కూడా మానేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. డిసెంబరు వచ్చేసరికి ఊరికి పోతానని పట్టుబట్టాడు. "పండుగ సెలవులల్ల నన్ను దింపిరా. పాపం అనిపిచ్చుకుంట గీడ ఉండ" అని మా నాన్నకు తెగేసి చెప్పాడు. ఊళ్లో ఇంటికి తాళం వేసి ఉంది. వండిపెట్టే దిక్కు లేదు. మా అమ్మ చాటుగా కళ్లు తుడుచుకునేది. నాకైతే తాత వెళ్లిపోతాడంటే అన్నం సహించేది కాదు.

మా పక్కింటి వాళ్లు క్రైస్తవులు. ఆ ఇంటి అక్క ఆవరణలోని కాలేజీలోనే చదివేది. ఏటా క్రిస్మస్ సాయంత్రం వాళ్ల ముంగిట్లో అందరికీ విందు. ఆ ఏడు కూడా అక్క పిలవడానికి వచ్చి, అందరినీ పేరుపేరునా రమ్మని, తాత మంచం దగ్గర నిలబడింది. తాత గోడవైపు తిరిగాడు. అక్క రెండో మాట అనకుండా వెళ్లిపోయింది. ఇంత మంచి అక్క, ఇంకోసారి బతిమాలితే ఏం పోయింది అని నాకు ఒళ్లు మండింది.

పండుగ నాడు పొద్దున్నే, చలిలో అక్క నన్ను వెంటబెట్టుకుని తార్నాక చౌరస్తాకు తీసుకువెళ్లింది. మట్టి ఆరని ముల్లంగి కట్టలు, గాజరగడ్డలనే ఎర్ర క్యారెట్లు, కీరకాయలు, బీట్‌రూట్, గోబీ అనే పెద్ద కాలీఫ్లవర్ పువ్వు ఒకటి, ఒక పెద్ద క్యాబేజీ కొన్నది. రెండు సంచులు నిండాయి.

"పండుగకు పచ్చి కూరగాయలేంది అక్కా? కేక్ లేదా?" అని అడిగాను.

"కేక్ పక్కకు ఉంటది. నడుమల గీ కూరగాయల పళ్లెమే ఉంటది" అంది.

ఇదేం పండుగరా దేవుడా అనుకున్నాను. మేకలకు పెట్టే విందులా తోచింది నాకు.

మధ్యాహ్నం వాళ్ల ముంగిట్లో చాప వేసి, పెద్ద ఇత్తడి తాంబాళంలో క్యాబేజీ ఆకులు పరిచింది. కూరగాయలన్నీ గుండ్రటి బిళ్లలుగా తరిగి, వరస మీద వరస, కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా పేర్చసాగింది. అది క్రిస్మస్ చెట్టట. మా కళ్లకు అచ్చం బతుకమ్మలా ఉంది. తెల్ల ముల్లంగి, ఎర్ర గాజర, పచ్చ కీర ఒకదాని మీద ఒకటి లేస్తుంటే నేను మేకల సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టాను.

అప్పుడు అక్క మా ఇంటి కిటికీ వైపు ఒకసారి చూసింది. చూసి, అడుగు వరసలో నుంచి ముల్లంగి బిళ్లలు మెల్లగా లాగేసింది. చెట్టు ఒక పక్కకు ఒరిగి జారిపోయింది. నేను కెవ్వుమన్నాను.

"ఒర్రకు. పోయి మీ తాతను పిల్చుకరా" అంది. "పండుగకు రమ్మనకు, తినెతందుకు అసలే అనకు. అక్కకు పేర్చ వస్తలేదు, పడిపోయింది, చుట్టాలు వచ్చే యాళ్ల అయింది అని చెప్పు."

పరుగెత్తి, అక్క పేర్చిన చెట్టు పడిపోయిందని చెప్పాను. తాత గోడవైపు తిరిగే, "చెట్ల సంగతి నాకేమెరుక బిడ్డా" అన్నాడు.

"బతుకమ్మ లెక్కనే ఉన్నది తాతా. ఒరిగిపోయింది."

ఊళ్లో ఉన్నన్నాళ్లూ మా నాయనమ్మకు బతుకమ్మ పేర్చి ఇచ్చింది తాతే. ఆమె పోయాక మళ్లీ పేర్చలేదు. తాత ఇటు తిరిగి, "ఎటు దిక్కు ఒరిగింది?" అని అడిగాడు.

"మన ఇంటి దిక్కే."

తాత లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని నా వెనకే వచ్చాడు. తాంబాళం ముందు గొంతుక్కూర్చుని, కూలిన దానిలోకి వేలు పెట్టి చూశాడు.

"దీని కడుపుల ఏం లేదు బిడ్డా. కడుపు ఖాళీ ఉంటె ఎట్ల నిలబడ్తది?"

గోబీని చిన్నచిన్న ముక్కలు చేయించి, నడుమ పోసి అదిమాడు. దాని చుట్టూ వరసలు మొదలుపెట్టాడు. బీట్‌రూట్ పైన ఉంటే రంగు కారి అన్నిటినీ పాడుచేస్తుందని దాన్ని అడుక్కు పంపాడు. నన్ను బిళ్లలు అందించమన్నాడు, ఆలస్యమైతే కసిరాడు. తాత కసిరి ఎన్నాళ్లయిందో! ఆ తిట్లు నాకు తీపిగా వినిపించాయి.

చివరి వరస పడేసరికి చుట్టాలూ ఇరుగుపొరుగూ వచ్చేశారు. గాజరగడ్డతో కోసిన చుక్కను అక్క శిఖరాన గుచ్చింది. మెట్టుగూడ నుంచి వచ్చిన అక్క వాళ్ల అమ్మమ్మ దాన్ని చూసి, "అగో, క్రిస్మస్‌కు బతుకమ్మ వచ్చిందే!" అంటూ చప్పట్లు కొట్టి చుట్టూ తిరగసాగింది. ఆడవాళ్లంతా నవ్వుతూ కలిశారు. తాత చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ చేతికి బీట్‌రూట్ రంగు. ముఖమంతా ఎర్రబడింది. అది చూసి ఎదురింటి పెద్దమ్మ పడీపడీ నవ్వింది, తాత కూడా నవ్వాడు.

ఉప్పు, మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండారు. అందరం ఆ ఒక్క తాంబాళంలోంచే తిన్నాం. ఆ ఇంట వండింది ముట్టని వాళ్లు కూడా పచ్చి ముక్కలే కదా అని చేయి చాపారు. తాత ఏం తింటున్నాడో ఎవరూ చూడలేదు. ఆయన కడుపునిండా తిన్నాడు.

తిరిగి వస్తుంటే మా గడప దగ్గర ఆగి, "ఆ పిల్లకు పేర్చుడు మంచిగనే వస్తది" అన్నాడు. "నడుమ ఖాళీ ఉంటె నాలుగు దిక్కులా కూలుతది. ఒక్క దిక్కే ఒరిగిందంటె, కింద ఎవరో గుంజినట్టే."

నేను నోరు తెరిచాను. "నీకు ఎరుకేనా తాతా? మరి ఎందుకు వచ్చినవ్?"

"గంత తిప్పలు పడి పిలిచింది గద బిడ్డా. పోకుంటె ఎట్ల?"

ఆ సెలవుల్లో తాత ఊరికి పోలేదు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పై ఏడు దసరాకు తంగేడు పూలు తెమ్మని నాన్న వెంటపడ్డాడు.

నాకు తాత ఆస్తిగా చక్కెర జబ్బు ఒక్కటే దక్కింది. ఎవరైనా జాలిగా పిలిస్తే నాకూ ఆయనలాగే గోడవైపు తిరగాలనిపిస్తుంది. ఇంటికి పదిమంది వచ్చిన రోజున నేను నా గదిలోనే ఉండిపోతే, వంటింట్లోంచి మా కోడలు కేకేస్తుంది, "అత్తమ్మా, పులుసుల ఉప్పు సరిపోయిందో లేదో జర వచ్చి చూడుండ్రి" అని. ఆమె చేతి ఉప్పు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని బహుశా ఆమెకూ తెలుసు. "ఎంత వేసినవే?" అని గట్టిగా అడిగి, మోకాళ్లు పట్టుకుని లేస్తాను.