ఎండలోకి లాగేసిన రీలు

నా చిన్నప్పుడు నేను మా బాబాయితో రెండు నెలలు మాట్లాడలేదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఒకే వీధిలో ఉంటూ, రోజూ ఎదురుపడుతూ, అన్ని రోజులు మాట్లాడకుండా ఉండటానికి ఎంత కోపం కావాలో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

భిలాయిలో ఖుర్సీపార్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న, బాబాయి ఇద్దరిదీ రష్యావాళ్ళ సాయంతో కట్టిన ఉక్కు ప్లాంటులోనే పని. విజయనగరం వైపు నుంచి నాన్న ముందొచ్చి, తర్వాత తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. బాబాయి లేతు మిషను మీద టర్నరు. ఇంకా పెళ్ళి కాలేదు. ఎప్పుడో ఒక రష్యా ఇంజినీరు దగ్గర పాత కెమెరా కొనుక్కున్నాడు. సెలవొస్తే చాలు, సైకిలు హ్యాండిలుకు ఆ కెమెరా తగిలించుకుని బయలుదేరేవాడు. వెనక క్యారియరు మీద నేను. పిట్టలంటే నాకు పిచ్చి, విమానాలంటే ఆయనకు పిచ్చి.

ఆ కెమెరాకు ఉన్న లెన్సు మనుషుల్ని తీయడానికే తప్ప, దూరంగా ఉన్నదేదీ దానికి అందేది కాదు. గనుల వైపు ఉన్న చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఎప్పుడో ఒకసారి విమానం దిగేది. బాబాయి ఎంతో కష్టపడి తీసిన ఫొటో మా అమ్మకు చూపిస్తే, "ఆకాశం బాగుంది గాని, విమానం ఏదయ్యా?" అనేది. ఆయన వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. ఈగంత ఉండేది.

ఆ వేసవిలో ఇంకో రష్యా ఇంజినీరు తమ దేశం వెళ్ళిపోతూ, తన పొడుగు లెన్సు బాబాయికి అమ్ముతానన్నాడు. బాబాయి తన ట్రాన్సిస్టరు అమ్మేశాడు. చేతి గడియారం అమ్మేశాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం ఆ ఇంజినీరు క్వార్టరుకు వెళ్ళాం. ఆయన గుమ్మంలోనే నిలబడి, మొహం కిందికి దించుకుని, వచ్చీరాని హిందీలో "బడా సాహబ్ లే గయా" అన్నాడు. బాబాయికి పై ఆఫీసరొకాయన ముందురోజు సాయంత్రమే వచ్చి పట్టుకుపోయాడట. ఆ లెన్సు ఎవరి కోసం ఉంచారో తెలిసే పట్టుకుపోయాడట. ఆఫీసరును కాదని ఒక టర్నరుకు ఇవ్వడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

తిరిగొస్తుంటే దారంతా నేను ఆ ఆఫీసరును తిడుతూనే ఉన్నాను. హిందీలో తిట్టాను, తెలుగులో తిట్టాను. బాబాయి మాత్రం తలవంచుకుని సైకిలు తొక్కాడు.

తర్వాతి ఆదివారం దుర్గ్ బజారులో పాత సామాన్ల మధ్య ఆయనకు ఒక విరిగిన బైనాక్యులర్ దొరికింది. ఒక కన్ను పగిలిపోయింది, రెండోది బాగానే ఉంది. ఆ బాగున్న సగాన్ని కోసి తీసి, తెలిసినవాళ్ళ లేతు షాపులో కూర్చుని ఇత్తడి రింగు తిప్పి, కెమెరా లెన్సు ముందు బిగించాడు. చూడ్డానికి నీళ్ళ పంపుకు గొట్టం తగిలించినట్టు ఉండేది. కానీ అందులోంచి చూస్తే దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది కాకి కన్ను కనిపించింది! నేను గెంతులేశాను. ఒకటే చిక్కు. దానికి వెలుతురు చాలా కావాలి. ఎండ పడితే సరే, నీడలో ఉన్నదేదైనా నల్లటి మచ్చే.

విమానం ఎండలోనే దిగుతుంది కదా. బాబాయి మూడు ఆదివారాలు ఆ కంచె బయట, చౌకీదారుకు బీడీలిచ్చి మంచి చేసుకుని కాపు కాశాడు. మూడో వారం విమానం వచ్చింది. చక్రాలు దించుకుని, ఇప్పచెట్ల మీదుగా, మా నెత్తి మీదికే వస్తున్నట్టు వచ్చింది. బాబాయి రెండు ఫొటోలు తీశాడు. రీలు పూర్తయ్యేదాకా కడిగించకూడదని ఇద్దరం అనుకున్నాం. మిగిలిన ఫొటోలు నావి, పిట్టలకు.

నేను వెతుకుతున్న పిట్ట చరోదా దాటాక వాగు పక్కన మామిడితోపులో దొరికింది. అక్కడివాళ్ళు దూధ్‌రాజ్ అంటారు. తల నల్లగా, ఒళ్ళు పాలలా తెల్లగా, వెనక రెండు రిబ్బన్లలా ఇంత పొడుగు తోక. కింది కొమ్మ చీలికలో గిన్నెంత గూడు. గూట్లో మూడు పిల్లలు. కానీ చుట్టూ దట్టంగా ఆకులు, గూడంతా చీకటి. పదిన్నర ప్రాంతంలో ఆకుల సందులోంచి కాస్త ఎండ పడుతుందనీ, అప్పటిదాకా ఓపిక పట్టమనీ బాబాయి చెప్పాడు. రెండు రోజులు పట్టాను. ఎండ పడినప్పుడు పిట్ట రాలేదు, పిట్ట వచ్చినప్పుడు ఎండ లేదు.

ఆ పొడుగు లెన్సే ఉంటే ఇంత ఎండ అక్కరలేదని బాబాయే ఒకసారి అన్నాడు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. మూడో రోజు ఆయన పొద్దుటి షిఫ్టుకు వెళ్ళాక, కెమెరాతో పాటు అమ్మ చాకు కూడా సంచిలో వేసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. రాయి మీద నిలబడి నాలుగు రెమ్మలు కోసేశాను. కోస్తున్నంతసేపూ ఆ ఆఫీసరును తిడుతూనే ఉన్నాను. గూటి మీద ఎండ భళ్ళున పడింది. కాసేపటికి మగపిట్ట వచ్చి వాలింది, మూడు నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఏడు ఫొటోలు తీశాను. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ తీయలేదు.

సాయంత్రం బాబాయితో చెబితే నాకంటే ఆయనే ఎక్కువ సంబరపడ్డాడు. మర్నాడు షిఫ్టు దిగి, అన్నమైనా తినకుండా, చూద్దాం పదమని నన్ను తీసుకెళ్ళాడు.

గూడు ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల ఏమీ లేదు. ఒక పిల్ల కింద పడి ఉంది, దానికి చీమలు పట్టాయి. ఆకుల చాటు పోవడంతో తక్కిన రెండింటినీ కాకులు ఎత్తుకుపోయి ఉండాలి. మగపిట్ట ఆ కొమ్మ మీంచి ఈ కొమ్మ మీదికి ఎగురుతూ గొంతు చించుకుంటోంది. బాబాయి తల ఎత్తి, తెల్లగా కనిపిస్తున్న కోత మొదళ్ళు చూశాడు.

"ఎవులు కొట్టీసినారివి?"

"గాలికి విరిగాయేమో."

ఆయన ఒక మొదలును వేలితో తడిమాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"నేనే కోశాను! ఇంకేం చేయమంటావు? ఆ సాహబ్ మన లెన్సు పట్టుకుపోకపోతే నేనెందుకు కోస్తాను? తప్పు ఆయనదే!"

"లెన్సు ఆయన పట్టుకుపోనాడు, నిజమే," అన్నాడు బాబాయి. "కొమ్మ కోసిన సాకు ఎవులు పట్టినారు?"

ఆయన గొంతు పెంచలేదు. కానీ మొహం నేనెప్పుడూ చూడని మొహం. నా మెడలోంచి కెమెరా తీసుకుని, వెనక మూత తెరిచాడు. ఏం చేయబోతున్నాడో అర్థమై చేయి పట్టుకున్నాను.

"బాబాయ్, అందులో నీ విమానం ఉంది!"

"తెలుసు."

నా చేయి విడిపించుకుని, రీలు మొత్తం బయటికి లాగేశాడు. నల్లటి రిబ్బను మెలికలు తిరుగుతూ ఎండలో పడింది. ఎండ తగిలాక అందులో ఇక ఒక్క ఫొటో కూడా మిగలదు. "ఈ ఫొటో సూసి నలుగురూ బాగుందన్నారనుకో, రేపు ఇంకో గూడు కాడ నువ్వూ కొమ్మలు కొట్టీస్తావు, నేనూ కొట్టీస్తాను," అన్నాడు. తర్వాత వంగి, చీమలు దులిపి, ఆ పిల్లను ఆకులో చుట్టి మట్టిలో పెట్టాడు.

ఆ రోజు నుంచే మాట్లాడటం మానేశాను. నా ఏడు ఫొటోలు పోయాయన్న కోపం కొంత. ఆయన విమానం నా మూలంగా పోయిందన్న కోపం అంతకంటే ఎక్కువ. ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేదనిపించేది. గూడు సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రీలు పాడైందని మాత్రం ఆయన అన్నాడు.

ఆగస్టులో మా తెలుగువాళ్ళ సంఘం హాల్లో పిల్లలూ పెద్దలూ వేసిన బొమ్మలు, తీసిన ఫొటోలు పెట్టారు. మధ్యలో పెద్ద ఫొటో ఆ ఆఫీసరుగారు ఆ పొడుగు లెన్సుతో తీసింది. మరోదా చెరువు గట్టున తెల్లకొంగ. ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. అందరూ మెచ్చుకుంటున్నారు. బాబాయి దాని ముందు చాలాసేపు నిలబడి, "బాగా తీసినాడు," అన్నాడు. నిజంగానే అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. హాలు బయటికి వచ్చేశాను. ఆయన నా వెనకే వచ్చాడు. అప్పుడు నోరు తెరిచాను.

"నీకు కోపమే రాదా?"

"రాకేటి? ఆ రష్యా ఆయన గుమ్మం గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది," అన్నాడు. "కోపం ఉంటే ఉండనీ అమ్మా. దాన్ని ఎవుల మీద దింపుతున్నామో అది సూసుకోవాల. ఆయన మీద దింపలేకపోనావు. గూడు అందింది, దాని మీద దింపినావు," అన్నాడు.

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, పక్కనే నిలబడ్డాడు. సైకిలెక్కి ఇంటికొచ్చాం.

విమానం ఫొటో ఆయనకు మళ్ళీ దొరకలేదు. ఆ ఏడాది చివర్లో పెళ్ళయింది, తర్వాత పిల్లలు. కెమెరా మెల్లగా బీరువా ఎక్కింది. నేను టీచరునై, జీతంలో మిగిల్చి, చాలా ఏళ్ళకు ఒక మంచి పొడుగు లెన్సు కొనుక్కున్నాను. అది ఆయనకు చూపించిన రోజున కిటికీలోంచి ఎదురింటి డాబా మీది పావురాన్ని ఎంతసేపు చూశాడో!

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ ఆఫీసరు మీద కోపం ఎప్పుడో పలచబడింది, ఆయన మొహం కూడా సరిగా గుర్తులేదు. బాబాయి మీద కోపం ఆ హాలు బయటే పోయింది. నా మీద నాకున్నది మాత్రం పోలేదు, పోనివ్వలేదు కూడా. ఎవరి మీదైనా ఒళ్ళు మండినప్పుడు, క్లాసులో గట్టిగా అరవబోయినప్పుడు, ఇంట్లో పనమ్మాయి మీద నోరు లేవబోయినప్పుడు, ఒక్క క్షణం ఆగి నా చేతిలో ఏముందో చూసుకుంటాను. ఇది అసలు ఎవరి మీది కోపం అని అడుగుతాను. చాలాసార్లు ఎదురుగా ఉన్న మనిషి మీది కాదు.