నా కుర్చీలో అండాలు మేడం

విమానం దిగుతున్నప్పుడు మా శంషాబాద్ బ్యాంకు బ్రాంచి కిటికీ అద్దాలు జివ్వుమంటాయి. ఆ మోత రాగానే నేను మాట ఆపేసి, అది దాటిపోయాక ఆపిన చోటి నుంచే మళ్లీ ఎత్తుకుంటాను. కొత్తగా చేరినవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నవ్వుకోనీ! ఆ అలవాటు నాది కాదు, అండాలు మేడంది. రోజుకు ఎన్నిసార్లు ఆపాల్సి వచ్చినా ఆవిడ ఒక్క మాట కూడా మింగేది కాదు.

మేడం అప్పట్లో మా ఆఫీసరు. మంఖాల్‌లో వ్యవసాయం చేసుకునే ఇంటి బిడ్డ. నూలు చీర, గట్టి గొంతు, అంతకన్నా గట్టి చూపు. నేను బుద్వేల్ నుంచి రోజూ బస్సులో వచ్చే క్లర్కును. చేరి రెండేళ్లు కాకముందే ఉద్యోగం మీద విరక్తి పుట్టింది. పైవాళ్లు టార్గెట్ అంటారు, కంప్యూటర్ కుదరదంటుంది, జనం నన్ను తిడతారు. ఇందులో నాదంటూ ఏముంది? "నా చేతిల ఏం లేదు" అన్నది నాకు ఊతపదమైపోయింది. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ మాట అనేస్తే హాయిగా కూడా ఉండేది.

ఒక నవంబరు ఆఖరి రోజున తొండుపల్లి నుంచి నర్సయ్య తాత వచ్చాడు. సర్కారు బడిలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. పింఛనుదారులు ఏటా తాము బతికే ఉన్నామని బ్యాంకులో రుజువు చూపాలి. మిషన్ మీద వేలు పెడితే చాలు. రిటైరయ్యాక చేసిన మట్టి పనిలో తాత వేళ్లు అరిగిపోయాయి. మిషన్ ససేమిరా అంది. అప్పటికే మూడుసార్లు తిప్పి పంపాను. ఆ రోజు దాటితే పింఛను ఆగుతుంది, ఇంట్లో ముసలమ్మ మందులు ఆగుతాయి.

"ఇంకోపారి జూడు బిడ్డా" అన్నాడు.

"నా చేతిల ఏం లేదు తాతా. మిషన్ తీస్కుంటలేదు" అన్నాను, తలైనా ఎత్తకుండా.

వెనక నుంచి మేడం గొంతు వినబడింది. "సరితా, లే. పోయి తాత పక్కన నిలబడు."

అందరి ముందూ! ఒళ్లు మండిపోయింది. అయినా లేచి కౌంటర్ బయటికి వెళ్లాను. ఆవిడ తాపీగా నా కుర్చీలో కూర్చుని, "ఏంది? ఏం గావాలె?" అంది.

"మేడం, గీ తాతది..."

"నా చేతిల ఏం లేదమ్మా. మిషన్ తీస్కుంటలేదు." అచ్చం నా గొంతే, తల దించుకోవడం కూడా నాదే! లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అట్లెట్ల మేడం? మనిషి కండ్ల ముంగట నిలబడ్డడు గదా! బతికున్నడని కాయితం మీద మీరు సంతకం పెడితే చెల్లదా?" నాకు తెలియకుండానే గొంతు లేచింది.

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. మేడం తెరిచిన నోరు అలాగే ఉంచి ఆగింది. మోత తగ్గాక అంది: "చెల్లుతది. ఎప్పటినుంచో చెల్లుతది. మరి గీ మాట గీ కుర్చీల కూసొని ఎందుకడగలే?"

అడగొచ్చన్న ఆలోచనే రాలేదు నాకు. గబగబా కాగితం నింపాను, మేడం సంతకం చేసింది. తాత దాన్ని తేరిపార చూసి, "అయితే ఇగ నేను బతికున్నట్టేనా?" అన్నాడు. బ్రాంచి బ్రాంచంతా పగలబడి నవ్వింది.

ఆ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా విప్పలేదు. మిషన్ కాదన్న పింఛనుదారులు ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "జర సాయంత్రంలోపల రండ్రి, కాయితం మీద చేద్దాం" అన్నాను. పదిమంది వచ్చారు. మంచం దిగలేని ఒకామె కోసం మేడంనే ఆటో ఎక్కించి తీసుకెళ్లాను. ఆఖరి సంతకం అయ్యేసరికి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తిరిగి వస్తుంటే ఆటోలో మేడం నా వైపు తిరిగింది. "గా ఫోన్లు చెయ్యమని నీకెవరు జెప్పిన్రు?"

తిడుతోందనుకుని ఒక్క క్షణం జంకాను. తర్వాత అన్నాను: "ఎవ్వరు జెప్పలే మేడం. నేనే చేసిన."

"గట్లుండాలె" అంది. అంతే. నా వీపు మీద ఒక్కటి చరిచింది.

టార్గెట్లు ఆగలేదు, కంప్యూటర్ మారలేదు. కానీ మర్నాడు బస్సు దిగి బ్యాంకుకు పరుగున వెళ్లాను. మేడం ఎప్పుడో రిటైరై మంఖాల్‌లో టమాటా వేస్తోంది. ఇప్పుడు అదే బ్రాంచికి నేను మేనేజర్ని. జనం కోసం నాకు తోచిన పని చేసినప్పుడల్లా పైనుంచి ఫోనొస్తుంది, ఎవరు చెప్పారని గద్దిస్తుంది. నా నడుము దానంతటదే నిటారవుతుంది.

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే చేశాను."