సాలూరు డ్రైవరు ఎడమ ముక్కు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం. విజయనగరంలోని నా చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌కి సాలూరు నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. పేరు అప్పలనాయుడు, నలభై అయిదేళ్లుంటాయి. చాలాకాలంగా ఎడమ ముక్కు నుంచి చీము, చెడు వాసన. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకోవడం, ముక్కు తేలిక పడగానే మానేయడం, మళ్లీ మొదటికి రావడం. ఇలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గట్టిగానే చీవాట్లు పెట్టాను. అన్నీ విని, అసలు భయం అప్పుడు చెప్పాడు.

"ఘాటీ రోడ్డు దిగినప్పుడు బ్రేకు లైనరు కాలితే ముందు ముక్కుకే తెలుస్తాదమ్మా. ఇప్పుడు నాకెప్పుడూ కుళ్లు కంపే. మొన్న ఎనకొచ్చిన బండోడు సెప్పేదాకా పొగ సూళ్లేదు. ఇంక స్టీరింగు ఒగ్గేయాలా?"

అతనికి వచ్చిన పని అదొక్కటే. నా కోపం అక్కడితో దిగిపోయింది.

ఎండోస్కోపు, అంటే సన్నని కెమెరా గొట్టం పెట్టి చూశాను. చెంప ఎముక లోపలి సైనస్ గది నుంచి చీము కారుతోంది, ఎడమవైపు మాత్రమే. కొంచెం తీసి కల్చర్‌కి పంపాను. అంటే చీములోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి, అది ఏ రకమో, ఏ మందుకి లొంగుతుందో చూస్తారు.

ముక్కులో బ్యాక్టీరియా ఉండటం తప్పేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కుల్లోనూ కాపురం ఉంటాయి. సైనస్ వాపు నెలల తరబడి తగ్గనప్పుడు అది వాటి పనేనా, లేక వాపు చూసి చేరిన చుట్టాలా అన్నది తేల్చడం మాకూ కష్టమే. కానీ ఈ రిపోర్టులో వచ్చినవి గాలి తగలని చోట, చిగుళ్ల సందుల్లో పెరిగే రకం. మావైపు కొత్త మనిషి కనబడితే ముందు ఏ ఊరని అడుగుతాం. వీటినీ అలాగే అడగాలనిపించింది.

నోరు తెరవమన్నాను. ఎడమ పై దవడలో ఒక పన్ను సగం పుచ్చిపోయి ఉంది. నొప్పి లేచినప్పుడల్లా అక్కడ ఖైనీ కుక్కి బండి నడిపేవాడట. ఆ పన్ను వేళ్లు సైనస్ అడుగుకి ఆనుకునే ఉంటాయి. స్కాన్‌లో చీము ఎక్కిన దారి కూడా కనబడింది. పన్ను సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ముక్కు డాక్టరుకి పన్ను గురించి ఏటి సెప్తానమ్మా?"

మనిషిని ముక్కలు చేసి పంచుకున్నది మేమే. దంతవైద్యుడు పన్ను తీశాడు. నేను సరైన మందు రాసి, ముక్కు కడిగే పద్ధతి నేర్పాను. ఈసారి మాత్రలు మధ్యలో మానలేదు. ఒకవైపే చీముతో ఎవరొచ్చినా అప్పటినుంచి ముందు నోరే చూస్తున్నాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ.

కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం అతని నుంచి ఫోను వచ్చింది.

"ఘాటీలో బండి ఆపేసినానమ్మా. లైనరు వాసనొచ్చినాది."

బండికేమైందని కంగారుపడ్డాను. ఏమీ కాలేదట, చక్రాలు చల్లారాక దిగుతాడట. "ఎంత కంపో అమ్మా," అన్నాడు. ఆ మాట అంత సంతోషంగా అన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.