తార్నాక రోడ్డులో కరెంటు బస్సు

మేమిద్దరం ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాం. నా మిత్రుడు భువనగిరి దగ్గరి రైతు కొడుకు, హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. తార్నాక నుంచి క్యాంపస్ దాకా పైన తీగలు కట్టి కరెంటు బస్సు నడపాలన్నది మా ప్రాజెక్టు. కొత్త స్తంభాలు అక్కర్లేదు, రోడ్డు పక్కన ఉన్న కరెంటు స్తంభాలే ఆ బరువు మోస్తాయని వాడి వాదన. "తాడు కట్టి గుంజి చూపెట్టండి, అప్పుడు నమ్ముతా" అన్నారు మా సారు.

ఒక పొద్దున వెదురు నిచ్చెన, మోకుతాడు పట్టుకొని తార్నాక వైపు వెళ్ళాం. ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థులు రోడ్లెక్కుతున్న రోజులవి. ఆ ఊరేగింపుల్లో మేమూ నడిచాం, మేమూ అరిచాం.

తాడు ఇంకా బిగించనేలేదు, మెట్టుగూడ వైపు నుంచి బస్సు వచ్చింది. ఎదురుగా ప్రత్యేక రాష్ట్రం నినాదాలతో గుంపు. మొదటి రాయికే అద్దం పగిలి డ్రైవరు ఒళ్ళో పడింది. ప్రయాణికులు దూకి పారిపోయారు. స్టీరింగు వదలని డ్రైవరును కాళ్ళు పట్టి కిందికి లాగారు. నడివయసు మనిషి. కర్రలతో కొడుతుంటే తలను చేతులతో కప్పుకొని ముడుచుకుపోయాడు.

నా మిత్రుడు గుంపులోకి దూరి ఆయన మీద బోర్లా పడ్డాడు.

"ఈయనేం చేసిండ్రా? డ్యూటీ చేస్తుండు, గంతే!"

"నువ్వెవనివిరా? జరుగు!" అంటూ ఒకడు వాడి వీపు మీద కర్ర విరిచాడు.

ఈలోగా ఎవరో బస్సుకు నిప్పు పెట్టారు. మంటలు పైకప్పు దాటి కరెంటు తీగను అందుకున్నాయి. అది తెగి, నిప్పురవ్వలు చిమ్ముతూ వాళ్ళిద్దరి పక్కనే పడింది. గుంపు చెల్లాచెదురైంది.

"తీగ ముట్టకు! నిచ్చెనతోని నూకు!" అని అరిచాడు వాడు.

ఎండు వెదురు నిచ్చెనతో తీగను పక్కకు నెట్టాను. వాడు డ్రైవరును చంకల కింద పట్టుకొని ఈడ్చాడు.

అప్పుడే పోలీసులు దిగారు. నిచ్చెన, తాడు, తెగిన తీగ చూశారు. ఇంకేం కావాలి వాళ్ళకు?

"తీగలు తెంపుతర్రా!" అంటూ మా ఇద్దరి మీదా లాఠీలతో విరుచుకుపడ్డారు.

"కొట్టకుండ్రి సాబ్, నన్ను బతికించిండ్రు" అని డ్రైవరు నెత్తుటి నోటితో మొత్తుకుంటూనే ఉన్నాడు. నా మిత్రుడి కుడి మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఆసుపత్రిలో ముగ్గురినీ ఒకే వరండాలో పడుకోబెట్టారు.

"గా తాడుతోని ఏం చేస్తున్నరు బిడ్డా?" అని డ్రైవరు అడిగాడు. చెప్పాను. నవ్వబోయి, పెదవి నొప్పికి ఆగిపోయాడు.

"గా బస్సు గూడ తగలబెడ్తరేమో."

నా మిత్రుడు గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నొప్పికి మాత్రం అంతవరకు ఏడవలేదు.

పరీక్షలు చాలా ఆలస్యంగా జరిగాయి. వాడు ఎడమ చేత్తో రాశాడు. ప్రాజెక్టు బొమ్మలు వాడు చెబుతుంటే నేను గీశాను. స్తంభాన్ని గుంజి చూడడం కుదరలేదు, కాగితం మీది లెక్కలు మాత్రమే చూసి సారు ఒప్పుకున్నారు. ఆ రోడ్డులో బస్సు తీగలు ఎవరూ కట్టలేదు. వాడి చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపడానికి రాలేదు.

దెబ్బలు మానాక ఆ డ్రైవరు మళ్ళీ అదే రూటులో డ్యూటీకి వచ్చాడు. మేం కనబడితే స్టాపు లేకపోయినా బస్సు ఆపేవాడు. నా మిత్రుడు వెంటనే ఎక్కేవాడు. ఆయన్ను కొడుతుంటే దూరంగా నిలబడ్డ సిగ్గుతో నేను మాత్రం చాలాకాలం నడిచే వెళ్ళాను.